ప్రొస్టేట్ క్యాన్సర్: వైద్యానికే కాదు, పరిశోధనకూ ప్రభుత్వ సాయం కావాలి

మీ నాయనగారినో, అబ్బనో, మామగారినో ఆసుపత్రిలో చేర్చి వరండాలో కూర్చున్న మీ కోసమే ఈ నాలుగు మాటలు.

కొంతకాలం క్రితం ఒక పెద్దాయనను ఇద్దరు కొడుకులు మంచం మీద మోసుకొచ్చారు. సేద్యం చేసి బ్రతికిన మనిషి. రెండేళ్లుగా నడుము నొప్పి. వాతమనుకొని నూనె రాశారు, అంగట్లో నొప్పి బిళ్లలు కొని వేశారు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు ఒంటికి లేస్తున్న సంగతి సిగ్గుతో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చివరకు రెండు కాళ్లూ చచ్చుబడితే ఆసుపత్రికి తెచ్చారు. ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకిందని పరీక్షలలో తేలింది. పెద్ద కొడుకు నన్ను అడిగాడు: "రెండేళ్ల క్రితమే రక్తపరీక్ష చేయించి ఉంటే మా నాయన నడిచేవాడా సిస్టర్?"

"నడిచేవాడేమో" అన్నాను. అంతకంటే గట్టిగా చెప్పలేకపోయాను. మనవాళ్లలో ఈ జబ్బును ఎలా ముందుగా పట్టుకోవాలి, ఏ మందు ఎంత ఇస్తే చాలు అనే విషయాలపై మన దేశంలో జరగవలసినంత పరిశోధన జరగలేదు. అది జరగాలంటే ప్రభుత్వం పూనుకోవాలి, ప్రభుత్వం పూనుకోవాలంటే మనం అడగాలి.

ప్రొస్టేట్ అంటే ఏమిటి?

ఇది మగవారికి మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం క్రింద, మూత్రనాళం చుట్టూ అక్రోటు కాయంత ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఇది ఉబ్బుతుంది. ఆ ఉబ్బు క్యాన్సర్ కాదు. అయితే కొందరిలో ఇదే గ్రంథిలో క్యాన్సర్ పుడుతుంది. మొదట్లో ఏ బాధా ఉండకపోవచ్చు. ఈ క్రింది వాటిలో ఏది కనబడినా డాక్టరుకు చూపించండి:

• మూత్రం సన్నగా, ఆగి ఆగి రావడం
• రాత్రిళ్లు పదే పదే లేవవలసి రావడం
• మూత్రంలో రక్తం పడడం
• తగ్గని నడుము నొప్పి, తుంటి నొప్పి
• కాళ్లలో తిమ్మిరి, బలహీనత (దీనికి ఒక్క రోజు కూడా ఆగరాదు)

"ముసలితనంలో ఇవన్నీ మామూలే" అని వదిలేయకండి. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని ఈ జబ్బు ఉంటే, మిగతా మగవారికి వచ్చే అవకాశం సుమారు రెండింతలు ఉంటుంది.

ఇది అరుదైన జబ్బు కాదు. 2022లో మన దేశంలో సుమారు 38 వేలమందికి కొత్తగా వచ్చి ఉంటుందని అంతర్జాతీయ అంచనా. 2020లో ప్రపంచం మొత్తం మీద ఏటా 14 లక్షలుగా ఉన్న కొత్త కేసులు 2040 నాటికి 29 లక్షలు కావచ్చని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం హెచ్చరించింది. ఆయుష్షు పెరుగుతున్న మనవంటి దేశాలలోనే ఈ పెరుగుదల ఎక్కువని కూడా చెప్పింది.

రక్తపరీక్ష ఉంది కదా, అందరికీ చేయవచ్చు కదా?

పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష ఉన్నది. క్యాన్సర్ ఉంటే ఇది పెరుగుతుంది. కాని మామూలు ఉబ్బులోనూ, మూత్రంలో చీము చేరినప్పుడూ పెరుగుతుంది. కావున పి.ఎస్.ఎ. ఎక్కువగా ఉన్న ప్రతివారికీ క్యాన్సర్ ఉన్నట్లు కాదు. అవసరమైతే స్కానింగు, ఆ తర్వాత బయాప్సీ అనే ముక్క పరీక్ష చేసి నిర్ధారిస్తారు.

బాధలు లేనివారికి కూడా ఈ పరీక్ష చేస్తే మేలా? యూరపులో వేల మంది మగవారిపై జరిగిన పెద్ద అధ్యయనం 2009లో "మేలే, ఈ జబ్బుతో మరణాలు 20 శాతం తగ్గాయి" అన్నది. అదే ఏడు అమెరికా అధ్యయనం "తేడా కనబడలేదు" అన్నది. 2025లో యూరపు వారి 23 ఏళ్ల లెక్క వెలువడింది. దాని ప్రకారం మరణాలు 13 శాతం తగ్గాయి. అయితే ప్రాణానికి ముప్పు తేని చిన్న క్యాన్సర్లు కూడా బయటపడి, కొందరికి అక్కరలేని వైద్యం జరిగింది. ఇంకా మంచి పద్ధతి కనుగొనేందుకు బ్రిటనులో 2023లో 4 కోట్ల 20 లక్షల పౌండ్లతో కొత్త అధ్యయనం ప్రకటించారు. అందులో కోటీ 60 లక్షల పౌండ్లు ప్రభుత్వానివి.

ఇవన్నీ వాళ్ల మగవారిపై జరిగినవి. ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు పల్లెల మగవారి తిండి వేరు, పని వేరు, ఆసుపత్రికి వచ్చే తీరు వేరు. వాళ్ల లెక్కలు మనకు ఎంతవరకు సరిపోతాయో మనవాళ్లలో చూస్తేనే తెలుస్తుంది. మన జాతీయ కార్యక్రమం క్రింద 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేస్తున్నారు. ప్రొస్టేట్ ఆ పట్టికలో లేదు. ఉండాలా వద్దా అని తేల్చడానికైనా మన దేశపు పరిశోధన అవసరం.

మన దేశంలో పరిశోధన సాధ్యమేనా?

సాధ్యమే. కేంద్ర ప్రభుత్వ అణుశక్తి శాఖ క్రింద నడిచే ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2011 నుండి 2017 వరకు 224 మంది రోగులతో ఒక అధ్యయనం చేశారు. ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో సగం మందికి ప్రొస్టేట్‌కు మాత్రమే కరెంటు పెట్టారు, మిగతా సగానికి కటి భాగంలోని గ్రంథులకు కూడా కలిపి పెట్టారు. 5 ఏళ్లకు పి.ఎస్.ఎ. మళ్లీ పెరగకుండా ఉన్నవారు మొదటి గుంపులో నూటికి 81 మంది, రెండవ గుంపులో నూటికి 95 మంది. ఆయుష్షులో తేడా అప్పటికి కనబడలేదు గాని, జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. 2021లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని ప్రపంచమంతా చదివింది.

కంపెనీలు చేయవా?

కంపెనీలు కొత్త మందులపై పరిశోధన చేస్తాయి. మందు ఖర్చు తగ్గించే పరిశోధన వాళ్లెందుకు చేస్తారు? ఒక ఉదాహరణ చూడండి. ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు అబిరాటెరోన్ అనే మందును రోజుకు 1000 మిల్లీగ్రాములు పరగడుపున వాడతారు. ఆహారంతో వేసుకుంటే ఈ మందు ఒంటికి ఎక్కువగా పడుతుంది. ఆ గుణాన్ని ఉపయోగించి, పావు వంతు మోతాదును తేలికపాటి టిఫినుతో ఇస్తే పి.ఎస్.ఎ. తగ్గడంలో తక్కువేమీ కాలేదని 2018లో 72 మందిపై జరిగిన ఒక చిన్న అధ్యయనం చూపింది. ఇలాంటివి పెద్ద ఎత్తున మన దేశంలో జరిగి రుజువైతే ఎన్ని కుటుంబాలు అప్పుల నుండి బయటపడతాయో ఆలోచించండి. (జాగ్రత్త: డాక్టరు చెప్పకుండా మోతాదు తగ్గించినా, ఆహారంతో కలిపి వేసుకున్నా ప్రమాదం.)

అలాగే, వృషణాలను తొలగించే చిన్న ఆపరేషనుతో ఈ క్యాన్సర్ అణుగుతుందని 1941లోనే అమెరికాలో డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ చూపారు. అందుకు 1966లో నోబెల్ బహుమతి పొందారు. తక్కువ ఖర్చుతో ఒక్కసారితో అయిపోయే ఈ వైద్యం నేటికీ వాడుకలో ఉన్నది. అది కూడా పరిశోధన ఫలమే.

ప్రభుత్వం ఇప్పటికే ఇస్తోంది కదా?

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం వైద్యులుగా పనిచేసిన డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు అది ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తోంది. పేదల క్యాన్సర్ వైద్యానికి ఇది పెద్ద ఆసరా, కాదనలేము. అయితే అది జబ్బు వచ్చిన తర్వాత ఇచ్చే డబ్బు. జబ్బు ఎవరికి వస్తోంది, ఎందుకు ఆలస్యంగా బయటపడుతోంది, ఏ వైద్యం తక్కువ ఖర్చుతో సరిపోతుంది అని తెలుసుకోవడానికి వేరే డబ్బు కావాలి. విత్తనం ఏ నేలకు సరిపోతుందో చూడకుండా ఏటా ఎరువులకే ఖర్చు పెడితే రైతుకు ఏమి మిగులుతుంది?

మనం అడగవలసినవి:

1. దేశంలో క్యాన్సర్ నమోదు కార్యక్రమం 1982 నుండి జరుగుతున్నా, అది జనాభాలో కొద్ది భాగాన్నే లెక్కలోకి తీసుకుంటోంది. రాయలసీమలో ప్రతి జిల్లాలో ప్రతి క్యాన్సర్ కేసూ నమోదు కావాలి.
2. మనవాళ్లలో పి.ఎస్.ఎ. పరీక్ష ఎంతవరకు పనికివస్తుందో తేల్చే అధ్యయనానికి కడప వంటి ప్రభుత్వ వైద్య కళాశాలలకు, తిరుపతిలోని క్యాన్సర్ సంస్థలకు నిధులు ఇవ్వాలి.
3. తక్కువ ఖర్చు వైద్యంపై పరిశోధనకు ప్రత్యేక నిధి ఉండాలి.

మీరు ఏమి చేయగలరు?

అమెరికాలో 1997 నుండి ప్రొస్టేట్ క్యాన్సర్ పరిశోధనకు రక్షణ శాఖ ద్వారా ప్రత్యేక నిధులు ఇస్తున్నారు. ఏ పరిశోధనకు డబ్బు ఇవ్వాలో నిర్ణయించే కమిటీలలో శాస్త్రవేత్తలతో పాటు ఈ జబ్బును అనుభవించినవారు కూడా కూర్చుంటారు. రోగుల మాటకు అక్కడ అంత విలువ ఉన్నది. మనం కూడా మొదలుపెడదాం.

• బయాప్సీ రిపోర్టు, పి.ఎస్.ఎ. కాగితాలు, స్కానింగు ఫిల్ములు ఒకే సంచిలో భద్రపరచండి. అవి మీకూ అవసరం, లెక్క రాసేవారికీ అవసరం.
• అధ్యయనంలో చేరమని డాక్టర్లు అడిగితే భయపడి వెళ్లిపోకండి. ఏమి చేస్తారో, ఏమి ప్రమాదమో పూర్తిగా అడగండి. అర్థమైన తర్వాతే సంతకం చేయండి. వద్దనే హక్కు, మధ్యలో మానుకునే హక్కు మీకు ఉన్నాయి.
• మీ ఎమ్మెల్యే, ఎం.పి. ఊరికి వచ్చినప్పుడు రోడ్డు, నీళ్లతో పాటు ఇది కూడా అడగండి. కలెక్టరు గారి సోమవారం అర్జీలలో ఒక కాగితం ఇవ్వండి. మీ ఇంట్లో జరిగింది జరిగినట్లు రాస్తే చాలు.
• ఇంటికి వెళ్లాక 50 ఏళ్లు దాటిన అన్నదమ్ములకు, బావలకు ఈ సంగతులు చెప్పండి. సిగ్గుపడవలసిన జబ్బు కాదని చెప్పండి.

ఆ పెద్దాయన కొడుకు అడిగిన ప్రశ్నను రేపు మరో కొడుకు అడుగుతాడు. అప్పటికైనా "నడిచేవాడేమో" అనకుండా, తెలిసి జవాబు చెప్పే రోజు రావాలి. అందుకు ఒక అర్జీ మీ చేతిలోనే ఉంది. రాయడానికి సాయం కావాలంటే వార్డులో మమ్మల్ని అడగండి, కూర్చొని రాసి పెడతాము.