ఆయిలూ ఆయిలూ కలిస్తే ఏమవుతుంది?

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక, నార్కట్‌పల్లి ఇంకా రాకముందు చిట్యాల వస్తుంది. ఒకప్పుడు అది 9వ నంబరు రోడ్డు, ఇప్పుడు 65వ నంబరు. మీది ఆ చుట్టుపక్కల ఊరే అయితే, రోడ్డు వారన బానెట్ ఎత్తిపెట్టిన కార్లనూ, గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటున్న డ్రైవర్లనూ చూసే ఉంటారు. అలాంటిచోట తరచు వచ్చే సందేహం ఒకటుంది. ఇంజనులో ఆయిల్ తగ్గింది. లోపల ఉన్నది ఒక రకం, దగ్గరి దుకాణంలో దొరికేది ఇంకో రకం. పొయ్యవచ్చా, పొయ్యకూడదా?

"ఆయిల్ ఆయిలే కదా, పొయ్యి" అంటారొకరు. "అమ్మో, పాలు విరిగినట్టు విరిగి ఇంజను పట్టేస్తుంది" అంటారు ఇంకొకరు. ఆ కారు అద్దెకు తిప్పుకునే వారిదైతే, ఇంజను పట్టేసిందంటే ఇంటిల్లిపాదికీ కొన్ని నెలల తిండి పోయినట్టే. కనుక ఇద్దరిలో ఎవరి మాట నిజమో తెలుసుకోవడం వట్టి కాలక్షేపం కాదు.

ముందుగా మన ఎద్దుబండి దగ్గరికి వెళ్దాం. ఇరుసు మీద చక్రం తిరిగేటప్పుడు కిర్రుమని చప్పుడు చెయ్యకుండా, ఇరుసు అరిగిపోకుండా కందెన వేస్తారని మీ తాతగారినడిగితే చెబుతారు. ఆ కందెన ఏమిటి? ఆముదం. గడ్డి కాల్చిన మసిని అందులో కలిపి రాసేవారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్ర చెలకలు ఒకప్పుడు ఆముదం పంటకు పెట్టింది పేరు. తరవాత ఆ చేలల్లో చాలావాటిని పత్తి ఆక్రమించింది, అది వేరే కథ.

మన చెలకల్లో పండే ఈ ఆముదమే ఒకప్పుడు విమానాలను ఎగరేసిందంటే నమ్ముతారా? 1914లో మొదలైన మొదటి ప్రపంచయుద్ధంలో రోటరీ ఇంజన్లని ఒక విచిత్రమైన రకం ఉండేది. వాటిలో ఇరుసు కదలకుండా ఉంటే, సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటు గిరగిర తిరిగేవి. పెట్రోలు ఆవిరి ఇంజను పొట్టలోంచే ప్రయాణం చేసి సిలిండర్లలోకి పోయేది. అక్కడ రాతినూనె నుంచి తీసిన కందెన వేస్తే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం మాత్రం పెట్రోలులో అంత తేలిగ్గా కరగదు. అందుకని ఆముదమే వాడారు. వాడిన ఆముదం తిరిగి డబ్బాలోకి రాదు, పొగతోపాటు బయటికి పోతుంది. వెనక కూర్చున్న పైలటు ఆ తుంపరలను పీలుస్తూ, మింగుతూ ఉండేవాడు. ఆముదం కడుపులోకి పోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు కదా!

కాస్ట్రాల్ అనే పేరు వినే ఉంటారు. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో పెట్టిన కంపెనీ 1909లో ఆ పేరుతో నూనె అమ్మడం మొదలుపెట్టింది. ఆముదాన్ని ఇంగ్లీషులో కాస్టర్ ఆయిల్ అంటారు. ఆ పేరు అందులోంచే వచ్చింది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. రెండు నూనెలు కలవకపోవడమనేది నిజంగా ఉందా? ఉంది. మీరే చూడవచ్చు. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అని అడిగితే ఇస్తారు, అది రాతినూనె నుంచి తీసిన స్వచ్ఛమైన నూనె. ఒక చిన్న గాజు సీసాలో అది సగం, ఆముదం సగం పోసి, మూత బిగించి బాగా కుదపండి. మొదట తెల్లగా మసకబారుతుంది. సీసాను కదపకుండా ఒక పూట ఉంచండి. ఆముదం కిందికి, పారఫిన్ పైకి చేరి రెండు పొరలుగా విడిపోతాయి. రెండూ నూనెలే, అయినా పొత్తు కుదరలేదు. (ప్రయోగం అయ్యాక సీసా మీద చీటీ అతికించండి. వంటింట్లో మాత్రం పెట్టకండి.)

దీనికి కారణం ఆముదం అణువుల్లో ఉంది. అందులో ఎక్కువ పాలు ఉండేది రిసినోలెయిక్ ఆమ్లం. దాని పొడవాటి గొలుసు మధ్యలో ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంటగా వేలాడుతుంటాయి. ఆల్కహాలులో ఉండేది కూడా ఇలాంటి జంటే. అందుకే ఆముదం ఆల్కహాలులో ఇట్టే కలిసిపోతుంది. రాతినూనె అణువుల్లో ఉండేవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. పోలికలున్న అణువులే ఒకదానిలో ఒకటి కలుస్తాయి. కనుక ఆముదం వాడిన ఇంజనులో రాతినూనె పొయ్యాలంటే అంతా కడిగి శుభ్రం చేసుకోవలసిందే. పైన చెప్పిన రెండో మనిషి భయం ఇలాంటి కాలం నుంచి మిగిలి వచ్చిందనిపిస్తుంది.

మరి ఈనాటి కారు ఆయిళ్ళ సంగతి? వాటిలో దాదాపు అన్నీ కార్బన్, హైడ్రోజన్ గొలుసుల కుటుంబానివే. మినరల్ ఆయిల్‌ను రాతినూనె శుద్ధిచేసి తీస్తారు. సింథటిక్ ఆయిల్ అణువులను కర్మాగారంలో కావలసిన తీరుగా మలుస్తారు. రెండూ చక్కగా కలుస్తాయి. ఆ మాటకొస్తే, సెమీ సింథటిక్ అని డబ్బా మీద రాసి అమ్మేది ఆ రెండిటి మిశ్రమమే! అంతే కాదు, ఏపీఐ అనే అమెరికా పెట్రోలియం సంస్థ ముద్ర పొందాలంటే ఆ ఆయిల్ తోటి ఇంజను ఆయిళ్ళతో విడిపోకుండా కలుస్తుందని పరీక్షలో రుజువు కావాలి. కనుక విరిగిపోవడం, తోడుకోవడం అనే భయం వదిలెయ్యండి. ఇంకొక సంగతి. ఆయిల్ మార్చేటప్పుడు కింద నట్టు విప్పి ఎంతసేపు కార్చినా సందుల్లో, గొట్టాల్లో పాతది కొంత మిగిలే ఉంటుంది. అంటే ప్రతి ఆయిల్ మార్పూ ఒక కలగలుపే అన్నమాట.

అలాగైతే మొదటి మనిషి చెప్పిందే ఒప్పా? ఆగండి. కలవడం వేరు, పని చెయ్యడం వేరు.

డబ్బా మీద అంకెలు

డబ్బా మీద 15డబ్ల్యూ-40 అనో, 5డబ్ల్యూ-30 అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇది స్నిగ్ధతకు గుర్తు. స్నిగ్ధత అంటే ద్రవం పారడానికి చేసే మొరాయింపు. నీళ్ళకు తక్కువ, తేనెకు ఎక్కువ. దీన్ని సెంటీస్టోకుల్లో కొలుస్తారు. 20 డిగ్రీల వేడి దగ్గర నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోకు. వేడెక్కితే నూనె పలచబడుతుంది. ఆముదానికి 40 డిగ్రీల దగ్గర సుమారు 250 ఉంటే, 100 డిగ్రీల దగ్గర 20 కూడా ఉండదు. చలికాలం పొద్దున ఒక సీసా ఆముదంలో సైకిలు బాల్ బేరింగు గుండు వేసి అడుగుకు చేరేదాకా అంకెలు లెక్కపెట్టండి. మళ్ళీ మిట్టమధ్యాహ్నం సీసాను ఎండలో పెట్టి లెక్కపెట్టండి. తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇంజను లోపల తిరిగే ఇరుసుకూ, దాన్ని పట్టి ఉంచే బేరింగుకూ మధ్య నూనె పొర ఉంటుంది. దాని మందం మీ తల వెంట్రుకలో ఎన్నో వంతు మాత్రమే. ఆ పొర ఉన్నంతసేపు లోహం లోహాన్ని తాకదు. నూనె మరీ పలచనైతే పొర తెగిపోతుంది. మరీ చిక్కనైతే బండి స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో పైభాగాలకు నూనె అందదు. ఆయిల్ ఎంత వేడిలో ఎంత చిక్కగా ఉండాలో అమెరికాలోని ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 1911 నుంచి తరగతులుగా విడగొడుతూ వస్తోంది. 100 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 9.3 నుంచి 12.5 లోపు ఉంటే 30 తరగతి. 12.5 నుంచి 16.3 లోపు 40, అది దాటి 21.9 లోపు 50. డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందరి అంకె ఎంత చిన్నదైతే ఆయిల్ అంత గడ్డకట్టే చలిలో కూడా కదులుతుంది. చాలామంది అనుకున్నట్టు ఆ అంకె డిగ్రీలు కావు. 15డబ్ల్యూ ఆయిల్‌ను పరీక్షించేది సున్నాకు 20 డిగ్రీల దిగువన, 5డబ్ల్యూను 30 డిగ్రీల దిగువన. చిట్యాలలో అంత చలి ఎన్నటికీ రాదు. అయినా 15డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర కూడా 100 డిగ్రీల దగ్గరకన్నా ఏడెనిమిది రెట్లు చిక్కన. మన ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఇంజనుకు 'చల్లని స్టార్టే' అన్నమాట.

రెండు తరగతులు కలిపితే ఎంత వస్తుంది? 10.5 ఉన్న 30 ఆయిల్ ఒక లీటరు, 18.5 ఉన్న 50 ఆయిల్ ఒక లీటరు అనుకోండి. కూడి రెండుతో భాగిస్తే 14.5. అసలు వచ్చేది సుమారు 13.8. మిశ్రమంలో పలచనిదానిదే పైచెయ్యి. బెల్లం పాకంలో కాసిన్ని నీళ్ళు పోసి చూడండి, ఇదే సంగతి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేడిలో ఎంతో ఇలా లెక్కగట్టవచ్చు గాని, చలిలో ఎలా ఉంటుందో లెక్కతో తేలదు. ఎందుకంటే వేడికి మరీ పలచబడకుండా ఒక పాలిమరూ, చలికి గడ్డకట్టకుండా ఇంకొక ద్రవ్యమూ ప్రతి కంపెనీ తన ఆయిల్‌కు సరిపడేట్టు కలుపుతుంది. రెండు పొత్తులు కలిస్తే ఏదీ తన పని పూర్తిగా చెయ్యకపోవచ్చు.

చిన్న అక్షరాల్లో ఉన్నదే అసలు కిటుకు

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏపీఐ ఎస్‌ఎన్, ఎస్‌పీ, సీఐ-4 లాంటివి ఉంటాయి. ఎస్ తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, సీ తో మొదలయ్యేవి డీజిలు ఇంజన్లకు. నా ఉద్దేశంలో పెద్ద అంకెలకన్నా ముందు చూడవలసింది వీటినే. డబ్బాలో సుమారు 10 నుంచి 25 శాతం దాకా ఉండేది అసలు నూనె కాదు, కలిపిన మందులు. మసిని కడిగేవి కొన్ని, అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం ఒకటి, నురగ రాకుండా ఇంకొకటి.

ఈ మందులు ఒక ఇంజనుకు అమృతమైతే ఇంకొకదానికి పడవు. ఫాస్ఫరస్ పెట్రోలు కార్ల పొగగొట్టంలోని ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. అందుకే ఎస్‌పీ ముద్ర ఉన్న 30 తరగతి ఆయిల్‌లో అది 0.08 శాతం దాటకూడదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నియమాలు వచ్చాక డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ పెడుతున్నారు. మసి తరవాత కాలిపోతుంది. కాని కడిగే మందుల్లోని కాల్షియం లాంటి లోహాల బూడిద కాలదు, అందులోనే పేరుకుపోతుంది. అలాంటి కారులో పాతకాలపు డీజిలు ఆయిల్ కలిపితే ఆ రోజు ఏమీ కాదు. ఇంజను హాయిగా తిరుగుతుంది. జల్లెడ మాత్రం కాలానికి ముందే పూడుకుపోతుంది. అది మార్చాలంటే ఆయిల్‌లో మిగిల్చిన డబ్బుకు ఎన్నో రెట్లు ఖర్చు. టర్బో ఉన్న చిన్న పెట్రోలు ఇంజన్లలో ఇంకొక తంటా ఉంది. కాల్షియం ఎక్కువైతే నిప్పురవ్వ పడకముందే పెట్రోలు అంటుకుని పిస్టన్ పగలవచ్చు. 2020లో వచ్చిన ఎస్‌పీ తరగతికి ఈ పరీక్ష కూడా పెట్టారు.

మీ ఇంట్లో కారు లేకపోయినా మోటారు సైకిలు ఉండవచ్చు. దాని సంగతి మరీ వేరు. గేర్ల మోటారు సైకిళ్ళలో చాలావాటికి ఇంజనూ, గేర్లూ, క్లచ్చీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో ఘర్షణ తగ్గించే మందు వేస్తారు. క్లచ్చి పట్టాలంటేనేమో ఘర్షణ కావాలి! ఆ ఆయిల్ పోస్తే ఏక్సిలరేటరు తిప్పినప్పుడు ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ఎదురుగా లారీ వస్తుండగా ముందున్న బండిని దాటబోయేటప్పుడు ఇలా జరిగితే ఏమవుతుందో ఊహించండి. అందుకే జపాన్‌వారు 1998లో వేరే ముద్రలు పెట్టారు. గేర్ల బండికి జాసో ఎంఏ, గేర్లు లేని స్కూటరుకు ఎంబీ.

ఇక రోడ్డు పక్కన నిలబడ్డ మన కారు దగ్గరికి వద్దాం. చదునైన చోట ఇంజను ఆపి, కొన్ని నిమిషాలాగి, గేజు బయటికి లాగి తుడిచి, మళ్ళీ ముంచి తీసి చూడాలి. ఆయిల్ కింది గీతకు దిగువనుంటే, ఎంత మంచి ఆయిల్ మిగిలి ఉన్నా లాభం లేదు. మలుపులో పంపుకు ఆయిల్ అందక గాలి అందుతుంది, బేరింగు పొర తెగుతుంది. ఆ స్థితిలో ముద్ర సరిపోయిన ఆయిల్ ఏ కంపెనీదైనా పొయ్యవచ్చు. అంకె ఒక మెట్టు తేడా ఉన్నా పరవాలేదు. సరైన ముద్ర దొరక్కపోతే దానికి దగ్గరిది ఒక అర లీటరు పోసుకుని ఊరు చేరి, వెంటనే మొత్తం మార్పించాలి. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా ఒక లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా పోస్తూ గేజు చూసుకోవాలి. పై గీత దాటితే ఇరుసు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. లూజుగా కొలిచి అమ్మే, ఏ ముద్రా లేని ఆయిల్ జోలికి మాత్రం పోకూడదు.

తీరిగ్గా ఆయిల్ మార్పించేటప్పుడైతే మిగిలిపోయిన రెండు మూడు డబ్బాల అడుగులు కలిపి పొయ్యవలసిన అవసరమేముంది? ఈసారి మీ ఇంటి బండి మెకానిక్కు దగ్గరికి వెళ్ళినప్పుడు, బండితో వచ్చిన పుస్తకంలో రాసిన అంకె, ముద్ర ఒక చీటీ మీద ఎక్కించి తీసుకువెళ్ళండి. డబ్బా తెరవకముందే వెనక వైపు తిప్పి చిన్న అక్షరాలు చదవండి. పోసింది ఏదో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పోశారో ఆ చీటీ మీదే రాసి బానెట్ లోపల అతికించి ఉంచండి.