మెదడు గడప దాటవలసిన మందు

వైరస్‌ల వల్ల వచ్చే మెదడువాపు వ్యాధికి చికిత్స కష్టం కావడానికి తగిన మందులు కొన్నే ఉండడం ఒక కారణం కాగా, ఆ ఉన్న మందులు సైతం రక్తం నుంచి మెదడులోకి తగినంతగా ప్రవేశించలేకపోవడం మరో కారణం. పరీక్షనాళికలో వైరస్‌ను సునాయాసంగా అణచివేసిన మందు, రోగి శరీరంలోకి ఎక్కించినప్పుడు కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ పుష్కలంగా కనిపించి, అసలు అవసరమైన చోటికి లేశమాత్రంగానే చేరడం ఈ రంగంలో తరచూ ఎదురయ్యే పరిస్థితి.

19వ శతాబ్ది చివర జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించినప్పుడు మిగిలిన అవయవాలన్నీ రంగు పట్టినా మెదడుకు మాత్రం అంటలేదు. దానికి రంగును పట్టుకునే గుణం లేదని ఆయన భావించారు. అయితే ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో అటువంటి రంగునే మెదడు చుట్టూ ఉండే మస్తిష్కమేరు ద్రవంలోకి ఎక్కించగా మెదడు రంగు పట్టి, మిగతా శరీరం పట్టకపోవడంతో, రెండింటి మధ్య ఏదో అవరోధం ఉన్నదని స్పష్టమైంది. ఆ అవరోధం మెదడులోని కేశనాళికల, అంటే అతి సన్నని రక్తనాళాల, గోడల్లోనే ఉన్నదని 1967లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో జరిపిన పరిశీలనలు చూపాయి. ఇతర అవయవాల్లో ఈ గోడ కణాల మధ్య సందులుండగా, మెదడులో కణాలు ఒకదానితో ఒకటి బిగుతుగా అతుక్కుని ఉంటాయి. ప్రాణవాయువు, మద్యం వంటి చిన్న అణువులు, కొవ్వులో కరిగే మరికొన్ని పదార్థాలు కణపొరల గుండా దూరిపోతాయి. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు ప్రత్యేక వాహక ప్రోటీన్ల సాయంతో ప్రవేశిస్తాయి. లోపలికి దూరిన పరాయి రసాయనాలను అనేకసార్లు పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు తిరిగి రక్తంలోకి నెట్టివేస్తుంది.

వైరస్ నిరోధక మందుల్లో చాలావాటికి ఇక్కడే చిక్కు వస్తుంది. వైరస్ తన జన్యుపదార్థానికి నకళ్లు తీసుకునేటప్పుడు వాడే న్యూక్లియోసైడ్ అనే ముడిసరుకును పోలి ఉండి, వైరస్‌ను మోసగించడమే ఈ మందుల పని. అటువంటి అణువులు సాధారణంగా నీటిలో కరిగేవి కావడం వల్ల కొవ్వుపొరలను సులువుగా దాటలేవు. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ కలిగించే మెదడువాపులో వాడే అసైక్లోవిర్ కూడా ఈ కోవలోనిదే. మస్తిష్కమేరు ద్రవంలో దాని గాఢత రక్తంలోని గాఢతలో సుమారు సగానికి మించదు. అయినప్పటికీ, చికిత్స లేనప్పుడు దాదాపు 70 శాతం రోగులు మరణించే ఆ వ్యాధిలో మరణాలను 30 శాతానికి లోపుగా తగ్గించిన మందు అదే. ఈ విజయానికి మూలం అవరోధాన్ని దాటే నేర్పు కన్నా, ఆ మందు నిర్మాణంలోని ఒక సుగుణంలో ఉన్నది: వైరస్ సోకిన కణంలో వైరస్ తయారుచేసే ఎంజైము తాకేవరకు అసైక్లోవిర్ దాదాపు నిష్క్రియంగానే ఉంటుంది కనుక, ఆరోగ్యకరమైన కణాలకు పెద్దగా హాని లేకుండా రక్తంలో దాని మోతాదును పెంచవచ్చు, సగమే చేరినా ఆ సగం సరిపోతుంది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకొకసారి, 14 నుంచి 21 రోజులపాటు నరం ద్వారానే ఇవ్వడం ఇందుకే. మాత్రగా మింగితే అందులో ఐదో వంతుకు మించి రక్తంలోకే చేరదు. మూత్రపిండాల్లో స్ఫటికాలు ఏర్పడకుండా ఒక్కో మోతాదును సుమారు గంటసేపు నెమ్మదిగా ఎక్కిస్తారు. పరీక్షల ఫలితం కోసం ఆగకుండా, అనుమానం కలిగిన వెంటనే ఈ మందు మొదలుపెట్టాలన్న నియమాన్ని ఎంత నొక్కిచెప్పినా తక్కువే.

హెచ్‌ఐవీ విషయంలో సమస్య మరో రూపం దాల్చుతుంది. సోకిన తెల్ల రక్తకణాల ద్వారా మెదడుకు చేరే ఆ వైరస్, ప్రోటియేజ్ నిరోధకాలు వంటి మందులను పంపు బయటికి నెట్టివేయడం వల్ల, రక్తంలో కనిపించని స్థితికి తగ్గిన తర్వాత కూడా కొందరి మస్తిష్కమేరు ద్రవంలో మిగిలి ఉండవచ్చు. ఆ ద్రవంలోని గాఢత మెదడు కణజాలంలోని గాఢతకు సూచన మాత్రమే కావడం వల్ల కొలతలోనూ అనిశ్చితి తప్పదు.

ఆంధ్రప్రదేశ్‌ను 1999లో తీవ్రంగా కుదిపిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు, వరిపొలాల్లో పెరిగే క్యూలెక్స్ దోమలు వ్యాపింపజేసే ఆ మెదడువాపుకు, నేటికీ నిర్దిష్టమైన మందు లేదు, టీకాయే రక్షణ. ఉత్తరప్రదేశ్‌లో పిల్లలపై పరీక్షించిన రైబావిరిన్ మేలు చేయలేదు. అది మెదడులోకి స్వల్పంగానే చేరుతుంది. అసైక్లోవిర్‌లా మోతాదు పెంచుదామంటే ఎర్ర రక్తకణాలు ధ్వంసమవుతాయి. అందువల్ల రక్తంలో మందును పెంచకుండానే మెదడులోకి చేర్చే దారులను వెతకవలసి వచ్చింది.

వాటిలో అత్యంత ఆసక్తికరమైనది 2007లో వెలువడిన ఒక ప్రయోగం. నాడీకణాలను గుర్తించి పట్టుకోగల రేబిస్ వైరస్ పైపొర ప్రోటీన్ నుంచి 29 అమైనో ఆమ్లాల ముక్కను మాత్రమే తీసుకుని, దానికి ఆర్జినిన్ గొలుసును జోడించి, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ జన్యువును నిశ్శబ్దపరిచే చిన్న ఆర్‌ఎన్‌ఏను దానికి తగిలించి, ఎలుకల రక్తనాళంలోకి ఎక్కించగా, ప్రాణాంతకమైన సంక్రమణ నుంచి సుమారు 80 శాతం ఎలుకలు బతికాయి. ప్రాణాంతకమైన ఒక వైరస్‌లోని ముక్కనే మరో వైరస్‌పై ఆయుధానికి వాహనంగా మార్చిన ఆలోచన అపూర్వమైనది. అయితే ప్రయోగశాలలో వైరస్ ఎక్కించిన ఘడియ ముందే తెలిసి ఉంటుంది. పల్లె నుంచి ఆసుపత్రికి చేరే పిల్లవాడికి జ్వరం, మూర్ఛలు మొదలయ్యేసరికే వైరస్ నాడీకణాలను దెబ్బతీసి ఉంటుంది, ఆపైన వాపు చేసే హాని మందుతో ఆగేది కాదు.

సూక్ష్మ బుడగలను రక్తంలోకి పంపి, కేంద్రీకరించిన అల్ట్రాసౌండ్‌తో వాటిని కంపింపజేసి, అవరోధాన్ని కొన్ని గంటలు తెరిచే పద్ధతిని మెదడు కణుతులున్న రోగుల్లో పరీక్షిస్తున్నారు. వాపు వల్ల ఇప్పటికే అవరోధం సడలిన మెదడులో దానిని ఇంకా తెరవడం మంచిదా అన్న ప్రశ్న వైరస్ వ్యాధుల్లో మాత్రం అడ్డుపడుతుంది. ఇనుమును లోపలికి చేర్చే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం ద్వారా ప్రవేశించే మార్గానికి ఆ ఇబ్బంది లేదు. హంటర్ వ్యాధికి అవసరమైన ఎంజైమును ఆ దారిన మెదడుకు పంపే మందును జపాన్ 2021లో ఆమోదించింది. వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలను సైతం ఈ మార్గాన పంపగలిగితే, కోలుకున్న నెలలకు, కొందరిలో సంవత్సరాలకు సైతం మెదడువాపుగా తిరగబెట్టే నిపా వంటి వ్యాధుల్లో వైరస్ దాగిన చోటికే మందు చేరుతుంది.