సంతానలేమి కోడలి నేరమా?

సంతానం అల్లాహ్ అనుగ్రహం. కొడుకులను, కూతుళ్లను ఇచ్చేదీ, కొందరిని సంతానం లేకుండా ఉంచేదీ ఆయనేనని దివ్య ఖుర్ఆన్‌లోని షూరా సూరా తెలియజేస్తోంది. ఈ సంగతి తెలిసిన ఇళ్లలోనూ పెళ్లయి రెండేళ్లు తిరిగేసరికి వేళ్లన్నీ కోడలి వైపే చూపడం మనం చూస్తూనే ఉన్నాం.

మేమెరిగిన ఒక దంపతుల సంగతి వినండి. పెళ్లయ్యాక ఐదేళ్లపాటు భార్యనే ఆస్పత్రుల చుట్టూ తిప్పారు. రక్త పరీక్షలు, స్కానింగులు, తావీజులు, నాటు మందులు అన్నీ ఆమెకే. ఆమెలో లోపం లేదని డాక్టర్లు చెప్పినా అత్తగారి దెప్పిపొడుపులు ఆగలేదు. కొడుక్కి రెండో నికాహ్ మాట కూడా ఇంట్లో వినిపించింది. పరీక్ష చేయించుకోమంటే భర్త "నాకేం రోగం?" అనేవాడు. ఆరో ఏట ఎలాగో ఒప్పుకున్నాడు. వీర్యకణాలు చాలా తక్కువగా ఉన్నట్లు తేలింది.

సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో పురుషుని వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. వీర్య పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు దాంపత్యానికి దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. ఇంత తేలికైన పరీక్షను వదిలి, స్త్రీని ఏళ్ల తరబడి సూదులకు అప్పగించడం ఏ న్యాయం? ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ కలిసే డాక్టరు వద్దకు వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లడం మంచిది. వీర్యకణాలు తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కనుక మందులు వాడేవారు ఓపిక పట్టాలి. బీడీ, సిగరెట్, గుట్కా మానాలి.

టెస్ట్ ట్యూబ్ పద్ధతి షరీఅత్‌కు సమ్మతమేనా అని పలువురు మమ్మల్ని అడుగుతుంటారు. ఇంగ్లండులో 1978 జూలై 25న ఈ పద్ధతిలో తొలి శిశువు జన్మించింది. ఆ తర్వాత ఉలమాలు దీనిపై విస్తృతంగా చర్చించారు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఏడు పద్ధతులను పరిశీలించి, ఐదింటిని నిషేధించింది. భర్త వీర్యాన్ని భార్య గర్భంలోకి పంపడం, దంపతుల వీర్యాన్నీ అండాన్నీ బయట కలిపి ఆ భార్య గర్భంలోనే ఉంచడం - ఈ రెండింటికీ అవసరమైనప్పుడు, తగు జాగ్రత్తలతో అనుమతి ఇచ్చింది. మూడో వ్యక్తి వీర్యం, అండం, గర్భం కూడదు. బిడ్డ వంశం కలగాపులగం కారాదన్నదే ఇందులోని ముఖ్యోద్దేశం.

మన దేశంలో 2021లో చేసిన చట్టం ప్రకారం ఇలాంటి క్లినిక్‌లు రిజిస్టరు కావాలి. దంపతుల రాతపూర్వక సమ్మతి లేకుండా చికిత్స చేయరాదు. కొన్ని షరతులతో దాతల అండాన్ని, వీర్యాన్ని చట్టం అనుమతిస్తోంది గనుక, సంతకం చేసే ముందు ప్రతి కాగితాన్నీ చదివించుకోండి. మా ఇద్దరివి తప్ప వేరేవి వాడరాదని స్పష్టంగా రాయించండి.

మేము చెప్పిన ఆ దంపతులు ఆమె నగలు అమ్మి రెండుసార్లు ఈ చికిత్స చేయించుకున్నారు. మొదటిసారి గర్భం నిలవలేదు. రెండోసారి నిలిచి, ఎనిమిదో వారంలో పోయింది. ఇక చాలనుకున్నారు. బంధువులంతా కూడిన ఒక రోజు భర్త లేచి, "లోపం నాది. ఆమెను ఇకపై ఎవరూ ఒక్క మాట అనవద్దు" అన్నాడు. ఆ రోజుతో ఆ ఇంట్లో నింద ఆగింది. ఇప్పుడామె పేటలోని పిల్లలకు ఖుర్ఆన్ చదవడం నేర్పుతోంది. వారంతా ఆమెను 'ఖాలా' అని పిలుస్తారు.

హజ్రత్ జకరియ్యా (అ) ముసలితనంలోనూ నిరాశ చెందక ప్రార్థించారు, అల్లాహ్ ఆయనకు యహ్యా (అ)ను ప్రసాదించాడు. హజ్రత్ ఆయిషా (ర)కు సంతానం కలగలేదు. అయినా అక్క కుమారుడి పేరు మీదుగా ఆమె 'ఉమ్మె అబ్దుల్లాహ్' అని పిలిపించుకున్నారు. విశ్వాసులందరికీ ఆమె తల్లి. కనుక సంతానం లేనంత మాత్రాన స్త్రీ గౌరవం తగ్గదు.

సోదరులారా, సోదరీమణులారా! పెళ్లిళ్లలో, పండుగల్లో కోడళ్లు కనబడగానే "ఏమైనా విశేషమా?" అని అడగడం మానండి. ఆమె కోసం దువా చేయండి. సంతానం కోసం ఎదురుచూసే ప్రతి జంటకూ అల్లాహ్ సహనాన్ని, మేలైన ఫలితాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.