స్పానిషు భాషీయులు - ఆంగ్ల ప్రిపొజిషనులు

ఆంగ్లమున నామమునకు ముందు నిలిచి, వాక్యమునందలి ఇతర పదములతో దానికి గల సంబంధమును తెలుపు చిన్న పదములకు ప్రిపొజిషనులని పేరు. మన భాషయందు నామమునకు పరమై వచ్చు విభక్తి ప్రత్యయములు చేయు పనినే ఇవి ముందు నిలిచి చేయుచున్నవి. స్పానిషు భాషయు ఈ విషయమున ఆంగ్లము వంటిదే. లాటిను నుండి వచ్చిన పదములును రెండు భాషలయందు విస్తారముగా కలవు. ఇంతటి సామ్యముండగా స్పానిషు మాతృభాషగా గలవారికి ఆంగ్ల ప్రిపొజిషనులు సులభముగా పట్టువడవలెను. కాని ఏండ్ల తరబడి అభ్యసించినవారు సైతము వీనియందు తడబడుచుందురు. దీనికి కారణము అశ్రద్ధయా, జ్ఞాపకశక్తి లోపమా, లేక భాషా స్వభావమా అని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

స్పానిషున 'ఎన్' అను పదము కలదు. పుస్తకము బల్లమీద ఉన్నను, లేఖ పెట్టెలో ఉన్నను, మనుష్యుడు తలుపువద్ద నిలిచియున్నను ఈ ఒక్క పదమే చాలును. ఆంగ్లమున ఈ మూడు చోట్లకు వరుసగా 'ఆన్', 'ఇన్', 'ఎట్' అను మూడు పదములు వలయును. మీద, లో, వద్ద అని మనము వేరుచేసి పలుకుచున్నాము కనుక ఈ భేదము మనకు సహజముగా తోచును. స్పానిషు విద్యార్థి పుస్తకము 'ఇన్ ది టేబుల్' ఉన్నదని వ్రాసినపుడు బల్లను పెట్టెగా భ్రమించినాడని తలపరాదు. 'ఎన్' అనుదానికి రూపమునందును అర్థమునందును మిక్కిలి దగ్గరగానున్న ఆంగ్లపదమును అతడు ఉంచినాడు, అంతియే.

అట్లని స్పానిషునకు ఆ భేదమును చెప్పు శక్తి లేదనరాదు. మీద అనుటకు 'సోబ్రే', లోపల అనుటకు 'దెంత్రో దే' మొదలగు పదములు దానికిని కలవు. అవసరమైనచో వానిని వాడుదురు; వాడితీరవలెనను నిర్బంధము సాధారణముగా లేదు. ఆంగ్లమున ఆ నిర్బంధము కలదు. భాషల నడుమ ముఖ్యభేదము అవి ఏమి చెప్పగలవనుటయందు గాక, ఏమి చెప్పక తప్పదనుటయందు కలదని రోమన్ యాకొబ్సన్ 1959లో ప్రకటించిన అనువాదవిషయక వ్యాసమున నిరూపించెను. ప్రిపొజిషనుల చిక్కునకు మూలమిదియే.

ఇందుకు విపర్యయమును పరిశీలింపవచ్చును. స్పానిషున 'పోర్' అనునది తరచుగా హేతువును, 'పారా' అనునది ఉద్దేశమును తెలుపును. ఆంగ్లమున పెక్కుచోట్ల రెండింటికిని 'ఫర్' చెల్లును. రెండు ఒకటిగా కలియుచోట స్పానిషు విద్యార్థికి శ్రమ స్వల్పము. స్పానిషు నేర్చు ఆంగ్లేయునకు అచ్చటనే శ్రమ అధికము. ఒకటి పెక్కుగా చీలుటయే కష్టము. ఈ రెండు భాషల వ్యాకరణములను పోల్చి 1965లో గ్రంథము ప్రకటించిన స్టాక్‌వెల్, బొవెన్, మార్టిన్ అను పండితులు ఇట్టి కష్టములకు తారతమ్యమును నిర్ణయింప యత్నించిరి.

క్రియలతో కూడిన ప్రిపొజిషనులు మరియొక తెగ. ఆధారపడుట అను అర్థమున స్పానిషు క్రియ 'దే' అను పదమును కోరును; దానికి సామాన్యముగా ఆంగ్లమున 'ఆఫ్' సమానము. అందుచే విద్యార్థి 'డిపెండ్ ఆన్' అనుటకు మారుగా 'డిపెండ్ ఆఫ్' అనును. స్పానిషున కలగనుట 'కోన్'తో, అనగా 'తో' అను అర్థముగల పదముతో కూడును. కావున 'డ్రీమ్ విత్' అను ప్రయోగము పుట్టును. వినుట, వెదకుట, ఎదురుచూచుట అను క్రియలకు వస్తువు కర్మమైనచో స్పానిషున ఏ పదమును అక్కరలేదు. 'లిజన్ టు' అనవలసినచోట 'టు' లోపించుటకు ఇదియే కారణము.

దీనికి ఎదురుగా, నిర్దిష్టవ్యక్తి కర్మమైనపుడు స్పానిషున 'ఆ' అను పదము ముందు చేరును. చెట్టు నరికెను అనుచు, రాముని పిలిచెను అను తెలుగువానికి ఈ చేతనాచేతన వివక్ష వింతగా తోచదు. ఆంగ్లమున దీనికి స్థానము లేదు గనుక స్పానిషు విద్యార్థి దీనిని విడువ నేర్వవలెను.

కాలవిషయమునను ఇట్టి భేదమే కలదు. నెలకును సంవత్సరమునకును స్పానిషున 'ఎన్' వచ్చును, ఆంగ్లమున 'ఇన్' వచ్చును. ఇచట పొరపాటు లేదు. వారమునకు స్పానిషున ఆర్టికిలు మాత్రమే చాలును. ఆంగ్లమున 'ఆన్' కావలెను. గడియకు 'ఎట్' కావలెను. సంవత్సరము, దినము, గంట అను క్రమమున పెద్దదాని నుండి చిన్నదానికి దిగుచు 'ఇన్', 'ఆన్', 'ఎట్'లను బోధించినచో ఈ వరుస మనస్సున నిలుచును.

ఐనను దోషములన్నియు మాతృభాషనుండియే వచ్చుననుట సరికాదు. కారునందు కూర్చుండుట 'ఇన్' అయి, బస్సునందు కూర్చుండుట 'ఆన్' అగుట ఆంగ్లము యొక్క సొంత ఆచారము. అది ఏ దేశపు విద్యార్థినైనను బాధించును. విద్యార్థి దోషములు అతని మనస్సున రూపొందుచున్న వ్యవస్థకు సాక్ష్యములని పిట్ కార్డర్ 1967లో ప్రతిపాదించెను. కావున ఉపాధ్యాయుడు దోషమును కొట్టివేయుటకు ముందు అది ఎచటినుండి వచ్చెనో విచారింపవలెను. ఒక పదమునకు ఒక పదము సమానమని పట్టికలు వ్రాయించుట మాని, క్రియను దాని ప్రిపొజిషనుతో కలిపి ఒకే మాటగా నేర్పవలెను. బల్ల, పెట్టె, తలుపు అను మూడింటిని ప్రక్కప్రక్కన చూపి భేదమును కన్నులకు గట్టవలెను.

ఈ విచారము మనకును పనికివచ్చును. బడికి పోయెను, జ్వరమునకు మందు, ఐదు గంటలకు వచ్చెను అను మూడుచోట్లను మనకు 'కు' ఒక్కటియే. ఆంగ్లమున 'టు', 'ఫర్', 'ఎట్' అని మూడుగా చీలును. స్పానిషు వారికి 'ఎన్' ఎట్టిదో మనకు 'కు' అట్టిది. మన విద్యార్థి ఈ చోట తడబడినపుడు అతడు మందబుద్ధి యనుకొనక, తన భాషా నియమమును శ్రద్ధగా పాటించుచున్నాడని గ్రహించుట బోధనకు మొదటి మెట్టు.