ఒక్క రోజులో కోటి ఇళ్ళు

ఒక లెక్క చేసి చూడండి. కోటి ఇళ్ళున్నాయి. ఒక్కో ఇంట్లో వివరాలు రాసుకోవడానికి 20 నిమిషాలు పడుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున, సెలవన్నది లేకుండా ఒకే మనిషి ఈ పని చేస్తే ఎన్నాళ్ళకు ముగుస్తుంది? జవాబు 1,100 ఏళ్ళు దాటుతుంది. రాణి రుద్రమదేవి పుట్టడానికి ఎంతో ముందే మొదలుపెట్టి ఉంటేనే, ఇప్పటికి ముగించేవాడన్నమాట!

ఆ పని తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో జరిగింది. దాని పేరు సమగ్ర కుటుంబ సర్వే. దాదాపు 4 లక్షల మంది సిబ్బంది కోటికి పైగా కుటుంబాల వివరాలు రాసుకున్నారు. మనిషికి పాతిక ఇళ్ళు. ఒకరి కోసం ఒకరు ఆగనక్కర లేదు. పెద్ద పెద్ద పట్టికలను దాచి ఉంచే డేటాబేసు కంప్యూటర్లు కూడా ఇలాగే చేస్తాయి. లెక్కలు చేసే భాగాన్ని ప్రాసెసరు అంటారని మీకు తెలుసు. ఒకటికి బదులు అనేక ప్రాసెసర్లను పెట్టి, పట్టికను ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక్కో ముక్క ఇస్తారు. ఇదే సమాంతర గణన.

సర్వే ఒక్క రోజే ఎందుకు? నాలుగు రోజులు నింపాదిగా చేయరాదా? చేస్తే చిక్కుంది. సోమవారం దేవరకొండలో లెక్కకెక్కిన మనిషి గురువారం హైదరాబాదులో ఉంటే అక్కడా లెక్కకెక్కుతాడు. అందుకే ఆ రోజు సెలవు ప్రకటించి, అందరినీ ఇళ్ళ దగ్గర ఉండమన్నారు. పేరు తప్పిపోతే రేషను, పింఛను పోతాయేమోనన్న భయంతో ముంబాయి, భీవండి వంటి చోట్లకు వలసపోయినవారు బస్సులు, రైళ్ళు పట్టుకొని సొంత ఊళ్ళకు వచ్చారు. పాలమూరు కూలీలకు అది కూలి పోగొట్టుకొని చేసిన ప్రయాణం.

కంప్యూటరుకూ ఈ చిక్కు ఉంది. ఎనిమిది ప్రాసెసర్లు పట్టికను చదువుతుండగా ఎవరో ఒక పేరును ఒక పుట నుంచి మరో పుటకు మార్చారనుకోండి. ఆ పేరు రెండుసార్లు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. అందుచేత లెక్క మొదలైన క్షణంలో పట్టిక ఎలా ఉందో ఆ రూపాన్నే డేటాబేసు అన్ని ప్రాసెసర్లకూ చూపిస్తుంది. తర్వాతి మార్పులు జరుగుతూనే ఉంటాయి గాని, ఈ లెక్కకు కనబడవు. దీనికి ఊరంతా సెలవు అక్కర లేదు!

ఇక అసలు కష్టం. ఒక కుటుంబం దేవరకొండలోనూ, కల్వకుర్తిలోనూ నమోదైందనుకోండి. నల్లగొండ జిల్లా కాగితాలు ఒక ప్రాసెసరుకు, మహబూబ్‌నగర్ జిల్లావి ఇంకొకదానికి ఇచ్చాం. రెండూ తమ తమ కట్టలను ఎంత చక్కగా వెతికినా ఈ జంట బయటపడదు. మరేం చేయాలి? ఊరిని బట్టి కాక, కుటుంబపు గుర్తింపు సంఖ్యను బట్టి పంచాలి. నాలుగు ప్రాసెసర్లుంటే సంఖ్యను 4తో భాగించండి. 4,617ను భాగిస్తే శేషం 1. కాగితం ఏ ఊరి నుంచి వచ్చినా శేషం మారదు గదా! రెండు కాగితాలూ 1వ ప్రాసెసరు దగ్గరికే చేరతాయి. మిగతావాటిని అడగకుండానే అది జంటను పట్టేస్తుంది. ఈ ఉపాయాన్ని హాషింగ్ అంటారు.

సంఖ్య లేక పేరు మాత్రమే ఉంటే? ఒకచోట నర్సింహ, మరోచోట నరసింహులు అని రాస్తే యంత్రానికి వాళ్ళు ఇద్దరు. పేరొక్కటే చూసి కలిపేస్తే, నిజంగా ఇద్దరైన వాళ్ళలో ఒకరి కార్డు పోతుంది. ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా ఈ సందేహం తీరదు. ఊరికి వెళ్ళి అడగాల్సిందే.

జిల్లాల వారీగా పంచడంలో ఇంకో లోపం కూడా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి నిజామాబాద్ జిల్లాలో దాదాపు 25.5 లక్షల మంది ఉంటే, రంగారెడ్డి జిల్లాలో దాదాపు 53 లక్షల మంది. నిజామాబాద్ ప్రాసెసరు పని ముగించి ఊరికే కూర్చుంటుంది. రంగారెడ్డి ప్రాసెసరుకు సగం పని మిగిలే ఉంటుంది. అందరికంటే ఆలస్యమైనది ముగిస్తేనే మొత్తం ముగిసినట్టు.

ప్రాసెసర్లన్నీ ఒకే మెమరీని వాడుకుంటే మరో తంటా. ఒకే రిజిస్టరు కోసం పదిమంది గుమాస్తాలు చేతులు చాచినట్టుంటుంది. అందుకే ఒక్కో ప్రాసెసరుకు సొంత మెమరీ, సొంత డిస్కు ఇచ్చే పద్ధతి వచ్చింది. ‘ఏదీ ఉమ్మడి కాదు’ అనే ఈ పద్ధతిని సమర్థిస్తూ అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో ఒక వ్యాసం రాశాడు.

అయినా హద్దు ఉంది. వంద నిమిషాల పనిలో 5 నిమిషాల భాగం ఒక్కరే చేయవలసినదైతే, లక్ష ప్రాసెసర్లు పెట్టినా 5 నిమిషాల లోపు ముగియదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రమిది.

మీ తరగతిలో చేసి చూడండి. 1 నుంచి 200 వరకు సంఖ్యలను చీటీల మీద రాయండి. ఏవైనా ఐదు సంఖ్యలను రెండోసారి కూడా రాసి, అన్నిటినీ బాగా కలపండి. మొదట ఒక్కరే జంటలను వెతకాలి. తర్వాత నలుగురు, శేషాన్ని బట్టి పంచుకొని వెతకాలి. గడియారం చూసే పని ఐదోవారిది. చీటీలు పంచడానికి పట్టిన సమయాన్ని కూడా లెక్కలో కలపడం మరవకండి.