రంగు అద్దకుండనే రంగు: తేల్చేది ద్రావకమే

పత్తి దూదిల 90 శాతం దాక సెల్యులోజే ఉంటది. నీళ్లల్ల ఎంత నానవెట్టినా అది కరగదు. ఎందుకంటే దాని గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకొని ఉంటయి. ఆ గొలుసులకు రసాయన కొమ్మలు అతికిస్తే పట్టు సడలుతది. అట్ల తయారైందే హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్. ఇది చల్లటి నీళ్లల్ల మంచిగ కరుగుతది. మందుగోలీల పొడి రాలకుండ పట్టి ఉంచేందుకు గూడ వాడుతరు.

1976ల కెనడాలోని మాంట్రియల్‌ల డెరెక్ గ్రే, ఆయన తోటి పరిశోధకుడు దీన్ని నీళ్లల్ల చిక్కగ కలిపితే ద్రవ స్ఫటికం అయితదని చూపిండ్రు. అంటే ద్రవం లెక్క పారుతది గాని, లోపల స్ఫటికం లెక్క వరుస ఉంటది. పలుచగ ఉన్నప్పుడు గొలుసులు ఎటువడితే అటు తిరుగుతయి. బరువుల సుమారు 40 శాతం దాటినంక జాగ సాలక ఒక్క దిక్కు వాలుతయి. ఒక్కో పొర కింది పొర కంటే జెరంత మలిగి, సుడిమెట్ల లెక్క పేరుకుంటయి. 60, 70 శాతం కాడ ఆ మెలిక కొలత వెలుగు అలలకు సరిపోతది. చిక్కదనం పెరిగిన కొద్దీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మెరుస్తయి. చుక్క రంగు గూడ కలపలే!

ద్రావకం అంటే ఉత్తగ కరిగించేది అనుకుంటం. గొలుసు వంగుతదా, నిటారుగ ఉంటదా తేల్చేది గూడ అదే. గొలుసును గట్టిగ అంటిపెట్టుకునే ద్రావకమైతే అది బిర్రుగ నిలవడతది, తక్కువ పదార్థంతోనే వరుస కుదురుతది. వంగనిచ్చేదైతే ఎక్కువ పదార్థం కావాలె. కొన్ని రకాలల్ల ద్రావకం మారితే ఎడమకు తిరిగే మెలిక కుడికి తిరుగుతది. నీళ్లల్లనే ఉన్నా, వేడి పెరిగితే రంగు ఎరుపు దిక్కు జరుగుతది. 40 డిగ్రీలు దాటినంక నీళ్లకు, గొలుసుకు పొత్తు తెగి పాలు విరిగినట్టు తెల్లగయితది.

ఇది మనకెందుకంటరా? ఇథైల్ సెల్యులోజ్ గూడ ఇదే సెల్యులోజ్ బిడ్డ. కాని అది నీళ్లల్ల కరగదు. క్లోరోఫామ్ అసొంటి ద్రావకాలల్ల కరిగి ద్రవ స్ఫటికం అయితది. క్లోరోఫామ్ ఆవిరి కాలేయాన్ని దెబ్బతీస్తది. నీళ్లల్ల కరిగేదాని తయారీల వాడే ప్రొపిలీన్ ఆక్సైడ్ గూడ ప్రమాదకరమే.

అందుకే రేపు ఎవరన్న "చెట్టు నుంచి తీసినం, పర్యావరణానికి మంచిది" అని ఏదన్న అమ్మొస్తే రెండు ముచ్చట్లు అడగాలె తమ్మీ. దేంట్ల కరిగించిండ్రు? ఆ ఆవిరి పీల్చుకుంట పనిచేసింది ఎవలు?