చాపమన్నవాడే బలమిస్తాడు

ప్రతి డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. కార్డు తీసుకుని, కళ్లకద్దుకుని, బైబిల్లో పెట్టుకుంటాం. మంచిదే. అయితే శత్రువును ప్రేమించమనో, సహోదరునితో సమాధానపడమనో రాసిన కార్డు ఎవరికైనా వచ్చిందా? వాగ్దానమేమో దేవుని కృప, ఆజ్ఞ మాత్రం మన మీద భారం అని తెలియకుండానే విడదీసుకున్నాం. వాక్యం అలా విడదీయదు.

మార్కు సువార్త 3వ అధ్యాయం చూడండి. విశ్రాంతిదినాన సమాజమందిరంలో ఊచచెయ్యి గలవాడొకడు ఉన్నాడు. అది కుడిచెయ్యి అని లూకా చెబుతాడు. యేసు అతణ్ణి లేచి మధ్యకు రమ్మన్నాడు. అది అతని చేతనయ్యే పనే. తర్వాత చెయ్యి చాపమన్నాడు. అతని చేతకానిది సరిగ్గా అదే! "ముందు బాగుచెయ్యి ప్రభువా, ఆ తర్వాత చాపుతాను" అని అతడు అనలేదు. చాపాడు, చెయ్యి బాగుపడింది. బాగుచేసింది ప్రభువు మాటే గాని అతని ప్రయత్నం కాదు. అయినా చాపింది అతడే. ప్రభువు ఆ చెయ్యి పట్టుకుని లాగలేదు.

సంఘం ఈ విషయమై ఎప్పుడో వాదించుకుంది. 5వ శతాబ్దపు ఆరంభంలో పెలాజియస్ అనే బోధకుడు, దేవుడు ఆజ్ఞాపించాడంటే దాన్ని చేసే శక్తి మనిషిలో ముందే ఉన్నట్టేనన్నాడు. విశ్వాసుల నిర్లక్ష్యం చూసి బాధపడినవాడే ఆయన. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీను అందుకు ఒప్పుకోలేదు. దేవుడు కోరినదాన్ని చేసే శక్తి కూడా దేవుడే ఇవ్వాలని ఆయన ప్రార్థన. 418లో కార్తేజిలో కూడిన బిషప్పుల సభ పెలాజియస్ బోధను తోసిపుచ్చింది. అలాగని మనిషికి చిత్తమే లేదని అగస్టీను అనలేదు. పాపానికి బానిసైన చిత్తాన్ని కృప తీసివేయదు, విడిపిస్తుంది.

పౌలు ఫిలిప్పీయులకు రాసినదీ ఇదే (2:12, 13). భయంతో, వణకుతో మీ రక్షణను కొనసాగించుకోండి అన్న వెంటనే, ఇష్టపడే మనసునూ చేసే శక్తినీ మీలో కలిగించేది దేవుడేనని కారణం చెబుతాడు. దేవుడు పనిచేస్తున్నాడు గనుక మీరు ఊరుకోండి అనలేదు. ఆయన పనిచేస్తున్నాడు గనుకనే మీరు పనిచేయండి అన్నాడు.

మన సంఘాల్లో దీన్ని ఎక్కడ తప్పుతున్నామో ఒక్క ఉదాహరణ. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకే గుడికి వస్తారు, ఒకే బల్లలో పాలు పొందుతారు. అడిగితే, "ప్రార్థన చేస్తున్నానండీ, దేవుడు మనసు ఇచ్చినప్పుడు మాట్లాడతాను" అంటారు. వినడానికి కృప మీద ఆధారపడినట్టే ఉంటుంది. కానీ అది చెయ్యి ముడుచుకుని స్వస్థత కోసం ఎదురుచూడటమే. అర్పణను బలిపీఠం దగ్గర విడిచి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:24). మనసు వచ్చాక వెళ్లమనలేదు.

ఇంకొకరి బాధ వేరు. తాగుడు మానాలని ఎన్నోసార్లు ఒట్టుపెట్టుకుని ఓడిపోయి, "ఇక నా వల్ల కాదు" అని గుడి మానేసినవారున్నారు. వారి మీద మరో ఆజ్ఞ మోపితే కుంగిపోతారు. సహోదరుడా, నీ వల్ల కాదన్నది నిజమే. ఆ మనిషి వల్ల కూడా కాలేదు. ఆజ్ఞాపించినవాడు నీకు ఎదురుగా ఉన్నాడు. ఈ రోజుకు చాపు. రేపటికి కావలసిన బలం రేపు అడుగు. తోడుగా ఒక విశ్వాసిని పిలుచుకో, అదీ కృపే.

ప్రియులారా, ఈ వారం మీరు వాయిదా వేస్తున్న ఒక్క విధేయతను గుర్తు చేసుకోండి. బలం వచ్చినట్టు అనిపించేదాకా ఆగకండి. ప్రార్థించి, లేచి, ఆ ఇంటి తలుపు తట్టండి.